వినబడిందా, నాన్నా?

రిసాలి, భిలాయి
సెప్టెంబరు, చవితి వెళ్లాక

భాగ్యానికి,

ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదని అలిగావట. ఎదురింటి మీనాక్షి చెప్పింది. నరసింగరావు గారి చెల్లెలివి కాబట్టి అలక నీకు పుట్టుకతో వచ్చింది, ఆడపడుచువి కాబట్టి అది నామీదే చూపించాలి. చూపించుకో. మా ఫోన్లు పనిచెయ్యడం లేదమ్మా. ఈ వైపు టవరేదో పాడైందట. అందుకే ఇన్నాళ్లకు కలం పట్టాను.

మీ అన్నయ్య కులాసా. స్టీల్ ప్లాంటు రైల్ మిల్లు చప్పుడు ఆయన చెవుల్ని తినేసి రిటైర్‌మెంట్ చేతిలో పెట్టింది కదా, ఇప్పుడు పక్కన టపాసు పేలినా "ఏటి?" అంటున్నారు. చెవి మిషన్ కొనిపిస్తే బీరువాలో దాచారు. పెట్టుకుంటే ముసలాడంటారట. ఆయనకు చెవులంటే మా శరతే. కాలింగ్ బెల్ మోగినా, కుక్కర్ కూసినా, వీధిలో ఎవరు పిలిచినా వాడే చెప్పాలి. చిన్నప్పటినుంచీ అదే అలవాటు. వాడు విన్నాడంటే ఆయన విన్నట్టే.

శరత్ కూడా బాగానే ఉన్నాడు. పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం కదా, చదివి చదివి నీరసించాడు. కొన్నాళ్లుగా కాలేజీకి పంపడం లేదు. ఇంటి ముందు గణేశ్ పందిరి వేశారు. ఆ మైకులో తన పేరు పెట్టి ఏదో అంటున్నారని వాడికి చికాకుగా ఉంది. మీ అన్నయ్య కమిటీవాళ్లతో తేల్చుకుంటానంటున్నారు. నాకైతే పాటలే వినబడ్డాయి. వంటింట్లో ఉండేదాన్ని, నాకేం తెలుస్తుందిలే.

నీ వదిన
కుముదిని


విజయనగరం
సెప్టెంబరు

వదినా,

టవర్ పాడైందా? అదే టవర్ కింద కూర్చుని మీ మీనాక్షి రోజూ పొద్దున్నే నాకు పూలబొమ్మతో శుభోదయం పంపుతోంది. అబద్ధం చెప్పేటప్పుడు కాస్త ఉడకనివ్వాలి వదినా. నువ్వు పచ్చిదే వడ్డించేశావు.

పాటలు వినబడితే పాటలే. వంటింట్లో ఉంటే చెవులు పనిచెయ్యవా? ఇన్నేళ్లు జంతుశాస్త్రం చెప్పినదాన్ని. కప్పను కోసే ముందు పైనుంచి చూసి, కనబడింది కనబడినట్టు రాయమనేదాన్ని పిల్లల్ని. నువ్వూ అలాగే రాయి. వాడు నిద్రపోతున్నాడా? స్నేహితులు వస్తున్నారా? ఒంటిమీద శ్రద్ధ ఉందా? ఎవరూ లేనిచోట ఎవరికైనా జవాబు చెబుతున్నాడా? నీకు ఇవన్నీ తెలుసు. ఒకే ఇంట్లో ఉన్న తల్లికి తెలియకుండా ఉండవు.

ఊరికే అడగడం లేదు. నాకొక కారణం ఉంది. నువ్వు రాశాక చెబుతాను.

భాగ్యరేఖ


రిసాలి
అక్టోబరు

భాగ్యం,

ఫోన్లు బియ్యం డబ్బాలో ఉన్నాయి. శరతే పాత చీరముక్కలో చుట్టి పాతిపెట్టాడు. తను మనసులో అనుకున్నదల్లా ఫోను బయటికి చేరవేస్తోందట. ముట్టుకుంటే వణికిపోతున్నాడు. అందుకే ఎత్తడం లేదు. ఇదీ నిజం.

ఎండాకాలం నుంచే మొదలైంది. ముందు స్నేహితులు తగ్గారు. తర్వాత నిద్ర పోయింది, ఆ తర్వాత స్నానం, క్రికెట్టు, తిండి. టీవీలో వార్తలు చదివే అమ్మాయి తనకే సైగ చేస్తోందన్నాడు. ఒక మాట మొదలుపెట్టి మరోచోట తేలతాడు, నాకు అందదు. పరీక్షల బెంగ అనుకున్నాను. అలా అనుకుంటేనే నాకు అన్నం దిగేది.

నిమజ్జనం ముందురోజు సాయంత్రం హారతి వేళకి వాడు వరండాలోకి వచ్చి, "నాన్నా, మళ్లీ మొదలెట్టీసినారు. శరత్‌ని పట్టుకోండి, బయటికి లాగండి అంటన్నారు" అన్నాడు. మీ అన్నయ్య అంత ఎత్తున లేచారు. మిల్లులో మైకులో పేరు పిలిస్తే పరిగెత్తి వెళ్లిన మనిషి. మైకు పేరు పెట్టి పిలవదని ఆయనకెలా తోస్తుంది? తనకి వినబడదు, కొడుక్కి వినబడింది. ఆయనకి అది చాలు.

పందిట్లోకి దూసుకెళ్లారు. కమిటీ కుర్రాళ్లు "అంకుల్, హమ్ తో భజన్ బజా రహే హైఁ" అని, భజనలే పెడుతున్నామని మొత్తుకున్నారు. ఆయన వినిపించుకోలేదు, వినబడనూ లేదు. మైకు వైరు పట్టుకుని ఒక్క లాగు లాగారు. వీధంతా గప్‌చిప్. ఆయన వైరు చేతిలో పట్టుకుని మావైపు తిరిగి, గెలిచినవాడిలా అన్నారు. "పీకీసినాను రా! ఇంకేటి భయం నీకు?"

శరత్ రెండు చెవులూ మూసుకుని మెట్లమీద కూలబడ్డాడు. "నాన్నా, ఇప్పుడింకా గట్టిగా అరుస్తన్నారు."

ఆ ఒక్క మాట మాత్రం మీ అన్నయ్యకి పెదవుల కదలికలోనే తెలిసిపోయింది. వైరు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఊరంతా చూస్తోంది. పెళ్లయినప్పటినుంచీ ఆయన ముఖంలో అంత భయం నేను చూడలేదు.

ఇంటికొచ్చాక ఆసుపత్రి అన్నాను. "ఆ మాటెత్తితే మరి నాతో మాటలాడకు" అని గదిలోకి పోయారు. కొడుకు కళ్లముందే చెయ్యి జారిపోతుంటే ఈయనకి ఆసుపత్రంటే అంత భయమేమిటి? పక్కన ఉతై ఊళ్లో ఎవరో తాయత్తు కడతారట, అది చాలంటున్నారు. నీకేదో కారణం ఉందన్నావు. చెప్పు.

కుముదిని


విజయనగరం
అక్టోబరు

వదినా,

రమాకాంత్ చిన్నన్నయ్య జ్వరంతో పోయాడని నీకు చెప్పారు. జ్వరంతోనే పోయాడు. కానీ ఎక్కడ పోయాడో నీకెవరూ చెప్పలేదు.

కాలేజీలో చేరిన మరుసటి ఏడాది, వీధి దీపం కింద నిలబడ్డవాళ్లు తన గురించి గుసగుసలాడుతున్నారని మొదలుపెట్టాడు. నువ్వు రాసిన ఉత్తరంలో పేరు మార్చి చదివితే అది చిన్నన్నయ్యే. నాన్న వాడిని ఒక పసరు వైద్యుడి దగ్గర ఉంచారు. అక్కడ కాలికి గొలుసు వేశారు. జ్వరమొచ్చి పోయిందీ అక్కడే. దాన్నే మా ఇంట్లో ఆసుపత్రి అన్నారు. అప్పగించడానికి వెంట వెళ్లింది అన్నయ్యే, అప్పటికి తనకీ పట్టుమని పాతికేళ్లు లేవు. ఆ గొలుసు చూసినవాడికి ఆసుపత్రి అంటే ఇంకేం గుర్తొస్తుంది? నాకు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది, కోపమూ వస్తుంది.

ఇప్పుడు విను. నా పాత స్టూడెంట్ ప్రసూన విశాఖలో మానసిక వైద్యురాలు. నీ ఉత్తరం తనకి చదివి వినిపించాను. శరత్‌ని చూడకుండా పేరు పెట్టనంది, కానీ ఇలాంటి స్థితిని సైకోసిస్ అంటారట. నిజానికీ, మనసు కల్పించిన దానికీ మధ్య ఉండే గోడ కూలిపోవడం. లేని గొంతులు వినబడతాయి, లేని శత్రువులు కనబడతారు, ఆలోచన తెగి తెగి పోతుంది. నిద్ర, శుభ్రత, స్నేహాలు నెలల ముందునుంచే జారిపోతాయి. అది దయ్యమూ కాదు, పొగరూ కాదు, నీ పెంపకమూ కాదు. మెదడుకు వచ్చిన జబ్బు. ఎంత త్వరగా మందు మొదలుపెడితే అంత బాగా కోలుకుంటారంది.

వాడితో వాదించకు, అలాగని అన్నయ్యలా ఒప్పేసుకోకు. "నాకు వినబడటం లేదురా, నీకు వినబడుతోందంటే ఎంత భయంగా ఉంటుందో" అను. అంతవరకే. వాడు దేనికి బాధపడుతున్నాడో దాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. తనకో ఇతరులకో హాని చేసే మాటలు వస్తే మాత్రం ఆ గంటలోనే తీసుకెళ్లు.

ఈ ఉత్తరం అన్నయ్యకి ఇచ్చెయ్. నేను ఇవ్వమన్నానని చెప్పు.

భాగ్యం


రిసాలి
నవంబరు

భాగ్యం,

పైకి చదివి వినిపిస్తే వీధి మొత్తానికి వినిపించాల్సి వస్తుందని నీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. చదివి పెరట్లోకి వెళ్లి జామచెట్టు దగ్గర నిలబడ్డారు. నేను పిలవలేదు, పిలిచినా వినబడదు. లోపలికొచ్చి, "రమాకాంత్‌గాడిని నానే దింపినాను. వీడిని నానే తీసుకెళ్తాను, నానే తీసుకొస్తాను" అన్నారు. మర్నాడే దుర్గ్ వెళ్లాం.

శరత్ ఎలా ఒప్పుకున్నాడంటావా? గొంతుల సంగతి ఎత్తనే లేదు. "నిద్ర లేక చచ్చిపోతున్నావురా, నిద్రకి మందు అడుగుదాం" అన్నాను. దానికి వచ్చాడు. అది నిజంగానే వాడి బాధ కూడా.

డాక్టరమ్మ రాయపూర్ మనిషి, మీ అన్నయ్య కోసం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మరీ మాట్లాడింది. శరత్ ఒక్కడితోనే చాలాసేపు కూర్చుంది. రక్తం పరీక్ష, తల స్కానింగు, అన్నీ చేయించింది. సైకోసిసే అంది. ఆయన వెంటనే "కిస్కీ గల్తీ?" అని అడిగారు, తప్పెవరిదని. ఆవిడ ఆయన్నే అడిగింది. మిల్లు ఆగిపోతే ఒక్క కారణంతోనే ఆగుతుందా బాబూజీ అని. "కాదు. బేరింగు ముందే అరిగుంటాది, ఆపైన లోడెక్కువౌతాది, ఆ రోజే నూనె తక్కువౌతాది" అన్నారు మీ అన్నయ్య. ఇదీ అంతే అంది. రక్తంలో కొంత వచ్చి ఉంటుంది, వయసొకటి, చదువు ఒత్తిడి ఒకటి, నిద్ర లేకపోవడం ఒకటి.

ఇంకొకటి కూడా ఉంది, నీకు రాయడానికి సిగ్గుగా ఉంది. హాస్టల్ కుర్రాళ్లతో కుమ్హారి వైపు పోయి గంజాయి పీల్చేవాడట. డాక్టరమ్మ అడిగితే చెప్పాడు, నన్ను చూడలేక గోడవైపు తిరిగి. అదొక్కటే కారణమని అనలేం గానీ ఇక ముట్టకూడదంది.

మాత్ర ఇచ్చింది. నిద్ర కాస్త పడుతోంది. కానీ పొద్దుటి మాత్ర నాలుక కింద పెట్టి మొక్కల్లో ఉమ్మేస్తున్నాడు. నా తులసి మొక్క మాత్రం ప్రశాంతంగా ఉంది. పొడి చేసి చారులో కలిపేద్దామనుకుంటున్నాను. ఏమంటావు?

కుముదిని


విజయనగరం
నవంబరు

వదినా,

కలిపావంటే నీతో నా జట్టు పచ్చి! తనకి ఎవరో హాని తలపెట్టారని ఇప్పటికే భయపడుతున్నవాడు, చారులో చేదు తగిలితే ఏమనుకుంటాడు? అమ్మ విషం పెట్టిందనుకుంటాడు. ఆ తర్వాత నీ చేతి మంచినీళ్లు కూడా తాగడు. డాక్టరుతో చెప్పు, మోతాదు మారుస్తారో, మందే మారుస్తారో వాళ్లు చూసుకుంటారు.

ఇంతకీ మాత్ర ఎందుకు వద్దంటున్నాడో అడిగావా? వేసుకుంటే పిచ్చోడంటారని కదూ? మీ ఇంట్లో అలాంటి మాటే చెప్పి బీరువా తాళం వేసుకున్న ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. ముందు ఆ ముసలి మొండివాడి సంగతి చూడు. తన చెవికి మిషన్ పెట్టుకోని తండ్రి, కొడుకుని మాత్ర మింగమంటే ఏం న్యాయం? ఈ మాట నేనన్నానని చెప్పు. ఇంతదూరంలో ఉన్నాను, నన్ను కొట్టలేడు.

భాగ్యం


రిసాలి
ఏప్రిల్, ఉగాది వెళ్లాక

భాగ్యం,

ఇన్నాళ్లూ ముక్కలు ముక్కలుగా కార్డులు రాశాను. ఇవాళ తీరికగా రాస్తున్నాను.

నీ మాట చెప్పినప్పుడు మీ అన్నయ్య నీ పుట్టుకను తిట్టారు. మర్నాడు పొద్దున్న ఇడ్లీల దగ్గరికి చెవి మిషన్ తెచ్చి ప్లేటు పక్కన పెట్టారు. "ఒరే, ఒప్పందం. నువ్వు మాత్తరేసుకుంటే నాను మిషన్ ఎట్టుకుంటాను. నువ్వు మానీసిన రోజు నానూ తీసీస్తాను" అన్నారు. శరత్ "పెహలే ఆప్" అన్నాడు, ముందు మీరని. ఈయన పెట్టుకున్నారు. పెట్టుకోగానే నేను చట్నీలో గరిట తిప్పితే ఉలిక్కిపడ్డారు. నాకు నవ్వాగలేదు, వాడూ నవ్వాడు. ఎన్ని నెలలకో తెలుసా? నవ్వి, మాత్ర మింగి, నోరు తెరిచి చూపించాడు.

అంతా సాఫీగా సాగలేదులే. మొదటి మందుకి వాడి కాళ్లు ఒకచోట నిలవలేదు, వీధంతా తిరిగేవాడు. డాక్టరమ్మ మందు మార్చింది. తర్వాతిది నిద్రా, ఆకలీ తెచ్చింది. నా దోసెలు సరిపోలేదంటే నాకు సంతోషమే అనుకో. సంక్రాంతి ముందు, బాగైపోయాను కదా అని నాకు తెలియకుండా మానేశాడు. గొంతులు తిరిగొచ్చాయి. ఆ వారం నేను మళ్లీ ఓడిపోయాననుకున్నాను. ఈసారి వాడే వచ్చి, "నాన్నా, మళ్లీ మొదలైనాయి. మాత్తర మానీసినాను" అని చెప్పాడు. మీ అన్నయ్య తిట్టలేదు. మిషన్ సరిచేసుకుని, "పద, డాక్టరమ్మ కాడికెళ్దాం" అన్నారు.

ఇప్పుడు ఇంట్లో ఒక పద్ధతి పెట్టాడు. ఏదైనా వినబడి అనుమానం వస్తే నన్ను అడుగుతాడు, "అమ్మా, వినబడిందా?" అని. వినబడితే వినబడిందంటాను, లేకపోతే లేదంటాను. జాలిపడి అబద్ధం చెప్పకూడదని ప్రమాణం చేయించుకున్నాడు. నేను లేదంటే "అచ్ఛా" అని పనిలో పడతాడు. ఇప్పటిదాకా తండ్రిని మాత్రం అడగలేదు. ఆ పందిట్లో సంగతి ఇద్దరూ మరిచిపోలేదు. తన చెవుల్ని వాడు నమ్మడం లేదని ఈయనకి లోపల బాధ.

కాలేజీకి వెళుతున్నాడు. వచ్చే నెల పరీక్షలు.

కుముదిని


విజయనగరం
అక్టోబరు

వదినా,

పాసయ్యాడని నీ కార్డు చూసి మా వీధిలో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. ఎందుకని అడిగినవాళ్లకి కారణం దాచకుండా చెప్పాను. చిన్నన్నయ్య విషయంలో మా ఇల్లు నోరు మూసుకున్నది చాలు.

పట్టా తీసుకోవడానికి వెళ్లనంటున్నాడన్నావు. మైకులో పేరు పిలుస్తారని భయం. ఉంటుంది మరి. బలవంతం చెయ్యకు. ఒక్క మాట మాత్రం వాడికి చెప్పు. అత్త పిరికిది, ఫోనులో వినలేని మాటలు ఉత్తరంలో రాయించుకుంది, కానీ నువ్వు ధైర్యంగా ఉన్నావని ఆవిడకి తెలుసు అని. వాడు వెళ్లినా, వెళ్లకపోయినా నాకు గర్వమే. కానీ వెళ్లాలని ఉంది వదినా. చాలా ఉంది.

భాగ్యం


రిసాలి
నవంబరు

భాగ్యం,

వాడు నీకు ఫోన్ చేశాడని తెలుసు. నా ఎదురుగానే బియ్యం డబ్బాలోంచి తన ఫోను వెలికితీసి, చీరముక్క విప్పి, చార్జింగు పెట్టే కన్నంలో ఇరుక్కున్న బియ్యపుగింజని పిన్నీసుతో లాగి, మొదట నీకే చేశాడు. నువ్వు ఏడ్చావట. ఇక ఉత్తరాలతో పనిలేదు. అయినా ఇది రాయకుండా ఉండలేను, ఎందుకంటే అసలు సంగతి వాడు నీకు చెప్పి ఉండడు.

ఆ రోజు పొద్దున్న వాడే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. అడగలేదు నేను. ముగ్గురం వెళ్లి వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నాం. భయమేస్తే లేచి పోవచ్చని. వేదిక మీద మైకు గరగరలాడింది. పేర్లు పిలుస్తున్నారు, పిల్లలు వెళ్లి తెచ్చుకుంటున్నారు.

"శరత్, మెకానికల్."

వాడు కదల్లేదు. మళ్లీ పిలిచారు. ఎప్పుడూ చేసినట్టే తల తిప్పాడు. వినబడిందని చెప్పడానికి నేను నోరు తెరిచాను. వాడు నావైపు తిరగలేదు, అటు తిరిగాడు.

"నాన్నా, వినబడిందా?"

మీ అన్నయ్య లేచి నిలబడ్డారు. మిల్లులో క్రేను మీదున్నవాడికి కిందనుంచి చెప్పే గొంతుతో అరిచారు. "వినబడినాది రా! నీ పేరే! రెండుసార్లూ నాకు వినబడినాది! ఎల్లు!"

సభంతా వెనక్కి తిరిగింది. మైకు పట్టుకున్న మాస్టారు కూడా ఆగిపోయారు. శరత్ లేచాడు. ముందు గబగబా, తర్వాత మామూలుగా నడిచాడు. తన పేరు పిలిచిన మైకు పక్కనే నిలబడి, పట్టా అందుకుని, మావైపు పైకెత్తి చూపించాడు. వాడి క్లాసు పిల్లలు లేచి చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చాను. పక్కన ఎవరో ఆవిడ నాకు తన చేతిరుమాలు ఇచ్చింది, తిరిగివ్వడం మరిచిపోయాను.

వాడు వచ్చి కూర్చునేసరికి మీ అన్నయ్య మిషన్ తీసి చేతిలో పట్టుకున్నారు, చప్పట్లు చెవిలో మోతెక్కిపోతున్నాయని. "ఇంక వినడానికేటి ఉంది? ఇనాల్సింది ఇనీసినాను" అన్నారు కళ్లు తుడుచుకుంటూ. శరత్ పట్టా నా ఒళ్లో పెట్టి, ఆయన చేతిలోంచి మిషన్ తీసుకుని, తన చేత్తోనే ఆయన చెవికి పెట్టాడు.

"ఎట్టుకో నాన్నా. పొద్దున్న నాను మాత్తరేసుకున్నాను కదా."

నీ వదిన
కుముదిని